స్మార్ట్ గ్లాస్ ఆపేది చూపునా, ఎండనా?

హైదరాబాద్‌లో కొత్త అపార్టుమెంట్ల బ్రోచర్లలోనూ, ఆఫీసు ఇంటీరియర్ కొటేషన్లలోనూ ‘స్మార్ట్ గ్లాస్’ అన్న మాట ఈమధ్య తరచుగా కనిపిస్తోంది. స్విచ్ నొక్కితే పాలలా తెల్లబడే అద్దం, మెల్లగా నీలిరంగుకు తిరిగే అద్దం, ఎండ తగిలితే తనంతట తానే ముదిరే అద్దం, అన్నీ ఈ ఒక్క పేరు మీదే అమ్ముడవుతున్నాయి. ఏసీ బిల్లు తగ్గుతుందన్న హామీ కూడా అన్నింటికీ ఒకేలా ఇస్తున్నారు. వేడిని ఆపే విషయంలో మాత్రం వీటి మధ్య తేడా చాలా పెద్దది. వీటిలో ఒకటి ఎండవేడిని నాలుగో వంతుకు తగ్గించగలదు, మరొకటి దాదాపు ఏమీ తగ్గించదు.

క్లుప్తంగా: తెలుగు ప్రాంతపు వాతావరణంలో కిటికీ అద్దాన్ని తూచాల్సిన మొదటి అంకె ఎస్‌హెచ్‌జీసీ, అంటే అద్దం మీద పడిన ఎండలో ఎంత భాగం గదిలో వేడిగా మారుతుందో చెప్పే నిష్పత్తి. ఎలక్ట్రోక్రోమిక్ గాజు, అంటే కరెంటుతో మెల్లగా నీలిరంగుకు తిరిగేది, ఈ అంకెను నిజంగా మార్చగలదు. మార్కెట్లో ఎక్కువగా దొరికే పీడీఎల్‌సీ గాజు, అంటే స్విచ్‌తో పాలలా తెల్లబడేది, మార్చలేదు. అయితే ఎండవేడిని అడ్డుకునే సన్నని పూత ఉన్న రెండద్దాల కిటికీ, అంటే మామూలు సోలార్ కంట్రోల్ లో-ఈ డబుల్ గ్లేజింగే పనిలో సింహభాగం చేసేస్తుంది. దాని పైన స్మార్ట్ గాజు అదనంగా తెచ్చేది కొద్దిపాటి ఆదా, దానితోపాటు కళ్లకు సుఖం.

అద్దం గుండా వేడి వచ్చే రెండు దారులు

మొదటిది ఉష్ణోగ్రతల తేడా వల్ల వచ్చే వేడి. బయట 41 డిగ్రీలు, లోపల 25 డిగ్రీలు ఉంటే ఆ 16 డిగ్రీల తేడా అద్దం గుండా వేడిని లోపలికి నెడుతుంది. దీన్ని యూ విలువతో కొలుస్తారు. 6 మిల్లీమీటర్ల మామూలు ఒంటి అద్దానికి ఇది చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీకి సుమారు 5.7 వాట్లు. రెండు అద్దాల మధ్య 12 మిల్లీమీటర్ల గాలి ఖాళీ ఉంచి మూసిన డబుల్ గ్లేజింగ్ యూనిట్‌కు, అంటే డీజీయూకు, దాదాపు 2.8. ఆ ఖాళీలో లో-ఈ పూత కూడా ఉంటే 1.6 చుట్టుపక్కలకు దిగుతుంది.

రెండోది నేరుగా పడే ఎండ. నేలను చేరే సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని సమీప పరారుణ కిరణాల రూపంలో ఉంటుంది. కనిపించే వెలుగు వాటా 45 శాతం దరిదాపుల్లో ఉంటుంది, అతినీలలోహితం వాటా 5 శాతం లోపే. మామూలు అద్దం ఈ మూడింటిలో అధికభాగాన్ని లోపలికి వదిలేస్తుంది. అందుకే దాని ఎస్‌హెచ్‌జీసీ 0.82 దాకా ఉంటుంది. లోపలికి వచ్చిన ఎండ నేలను, సోఫాను, పుస్తకాల బీరువాను వేడెక్కిస్తుంది. అవి తిరిగి విడుదల చేసే వేడి పొడవు తరంగాల్లో ఉంటుంది కాబట్టి అద్దం దాటి బయటికి పోలేదు. ఎండలో ఆపిన కారు లోపల జరిగేదీ ఇదే.

ఈ రెండు దారుల్లో ఏది పెద్దదో తెలిస్తే ఏ అద్దం కొనాలన్న ప్రశ్న సగం తేలినట్టే.

నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు: పడమటి కిటికీ లెక్క

మే నెల, సాయంత్రం నాలుగు గంటలు. పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. నాలుగు బై అయిదడుగుల కిటికీ విస్తీర్ణం సుమారు 1.86 చదరపు మీటర్లు కాబట్టి అద్దం మీద పడే ఎండ 1,116 వాట్లు.

6 మిల్లీమీటర్ల ఒంటి అద్దమైతే ఎండ వల్ల 915 వాట్లు, ఉష్ణోగ్రత తేడా వల్ల 170 వాట్లు, మొత్తం 1,085 వాట్ల వేడి గదిలోకి వస్తుంది. ఒక్క కిటికీ దగ్గర వెయ్యి వాట్ల హీటర్ పెట్టి, దాన్ని ఏసీతో చల్లార్చుతున్నట్టు లెక్క. ఇక్కడ ఎండ వల్ల వచ్చే వేడి, ఉష్ణోగ్రత తేడా వల్ల వచ్చేదానికి అయిదు రెట్లకు పైగా ఉంది.

అదే చోట పూతలేని డీజీయూ పెడితే (ఎస్‌హెచ్‌జీసీ 0.70) మొత్తం 865 వాట్లకే తగ్గుతుంది. ‘డబుల్ గ్లాస్ వేయించాం, అయినా గది కాలిపోతోంది’ అన్న ఫిర్యాదుకు మూలం ఇక్కడే ఉంది. రెండు తేట అద్దాలు ఉష్ణోగ్రత తేడాను, కొంతమేర శబ్దాన్ని ఆపుతాయి, ఎండను ఆపలేవు.

సోలార్ కంట్రోల్ లో-ఈ పూత ఉన్న డీజీయూ (ఎస్‌హెచ్‌జీసీ 0.27, యూ 1.6) అయితే 350 వాట్లు. ఎలక్ట్రోక్రోమిక్ గాజు పూర్తిగా నల్లబడినప్పుడు (0.09) సుమారు 150 వాట్లు. అదే గాజు తేటగా ఉన్నప్పుడు (0.41) దాదాపు 505 వాట్లు.

ఒంటి అద్దం నుంచి లో-ఈ డీజీయూకు మారితే 735 వాట్లు తగ్గాయి. టన్ను ఏసీ తీసే వేడి సుమారు 3,500 వాట్లు కాబట్టి ఇది టన్నులో అయిదో వంతు. అక్కడి నుంచి ఎలక్ట్రోక్రోమిక్‌కు మారితే అదనంగా తగ్గేది 200 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఇదే తీవ్రతతో ఎండ పడుతుందని, ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడున్నర యూనిట్ల వేడి తీస్తుందని తీసుకుంటే, ఆ అదనపు ఆదా రోజుకు పావు యూనిట్ లోపే. 200 రోజులకు 46 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా ఏడాదికి 460 రూపాయలు. నాలుగు గంటలూ ఎండ గరిష్ఠంగా ఉంటుందనుకున్నాం కాబట్టి ఇది పైఅంచనాయే, అసలు ఆదా ఇంతకంటే తక్కువ ఉంటుంది. ఎలక్ట్రోక్రోమిక్ గాజు ధర లో-ఈ డీజీయూకు చాలా రెట్లు. కేవలం కరెంటు బిల్లు మీద ఆ తేడా రాబట్టడం ఇంటి కిటికీ విషయంలో సాధ్యమయ్యే పని కాదు.

ఎలక్ట్రోక్రోమిక్ ఎలా నల్లబడుతుంది

టంగ్‌స్టన్ ఆక్సైడ్ పలుచని పొరకు విద్యుత్తు ఇస్తే నీలిరంగుకు మారుతుందని 1969లో శాస్త్రవేత్త సత్యేన్ దేబ్ ప్రచురించిన పరిశోధనతో ఈ రంగం మొదలైంది. నేటి కిటికీ గాజులోనూ పని చేసేది ప్రధానంగా ఆ పదార్థమే. గాజు మీద ఒక పారదర్శక వాహక పొర, దాని మీద టంగ్‌స్టన్ ఆక్సైడ్, తర్వాత అయాన్లు కదిలే పొర, ఆపై నికెల్ ఆక్సైడ్, చివర మళ్లీ వాహక పొర. 5 వోల్టుల లోపు డీసీ ఇస్తే లిథియం అయాన్లు నికెల్ వైపు నుంచి టంగ్‌స్టన్ వైపు చేరతాయి. అప్పుడు టంగ్‌స్టన్ ఆక్సైడ్ ఎరుపు వెలుగును, సమీప పరారుణాన్ని గట్టిగా పీల్చడం మొదలుపెడుతుంది. మిగిలిన నీలం కంటికి కనిపిస్తుంది. వోల్టేజీ తిప్పి ఇస్తే అయాన్లు వెనక్కి వెళ్లి అద్దం తేటపడుతుంది. ఒకసారి మారాక ఆ స్థితిని నిలబెట్టడానికి కావాల్సిన కరెంటు అత్యల్పం. బోయింగ్ 787 విమానాల్లో తెర బదులు బటన్‌తో ముదిరే కిటికీ కూడా ఈ కుటుంబానికి చెందినదే, కాకపోతే అందులో వాడేది జెల్ రకం.

ఇక్కడ పీల్చడం అన్న మాట ముఖ్యం. ఈ గాజు ఎండను ముఖం చూసుకునే అద్దంలా తిప్పికొట్టదు, తనలోకి తీసుకుంటుంది. అలా తీసుకున్న వేడి ఎటో ఒకవైపు పోవాలి. ఈ పొర ఉన్న గాజును ఒంటిగా బిగిస్తే అందులో గణనీయమైన భాగం గదివైపే దిగుతుంది. అందుకే దీన్ని ఎప్పుడూ డీజీయూలో, బయటి అద్దం లోపలి ముఖం మీద పెడతారు. గాలి ఖాళీ ఒకవైపు, వేడిని విడుదల చేయడానికి మొగ్గుచూపని పూత మరోవైపు అడ్డుపడి, వేడెక్కిన బయటి అద్దం తన వేడిని బయటి గాలికే ఇచ్చేలా చేస్తాయి. మే ఎండలో ఆ బయటి అద్దం ముట్టుకోలేనంత కాలుతుంది. అది పనిచేస్తోందనడానికి అదే గుర్తు.

పెద్ద పలకల్లో ఒక చిక్కుంది. వాహక పొరకు కొంత నిరోధం ఉంటుంది కాబట్టి అంచుల్లోని లోహపు పట్టీల దగ్గర ముందు ముదిరి, మధ్యభాగం ఆలస్యంగా అందుకుంటుంది. పలక సైజును బట్టి పూర్తిగా మారడానికి పది నుంచి ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. జూలైలో మబ్బు కమ్మి, విడిపోయి, మళ్లీ కమ్మే మధ్యాహ్నాల్లో అద్దం ముదిరేసరికి ఎండ పోతుంది, తేటపడేసరికి మళ్లీ వస్తుంది. దీనికి తగ్గట్టు సెన్సర్‌కు నిలుపుదల సమయం సరిగ్గా పెట్టకపోతే వాడేవాళ్లు విసుగెత్తి ఆటోమేటిక్‌ను ఆపేస్తారు. దాంతో వేడి ఆదా కూడా ఆగిపోతుంది.

పూర్తి నలుపుతో వేడి పెద్దగా తగ్గదు

కొనుగోలుదారు ఎక్కువగా చూసే అంకె ‘ఒక్క శాతం వెలుగే లోపలికి వస్తుంది’ అన్నది. వేడి పరంగా చూస్తే అది అంత గొప్ప స్థితి కాదు. ఈ తరహా గాజుకు నాలుగు మెట్లు ఉంటాయనుకుంటే, వెలుగు 60 శాతం వచ్చేటప్పుడు ఎస్‌హెచ్‌జీసీ 0.41, వెలుగు 18 శాతమైతే 0.15, 6 శాతమైతే 0.10, ఒక శాతమైతే 0.09 ప్రాంతంలో ఉంటాయి. 60 నుంచి 18కి దిగినప్పుడే వేడిలో అసలు తగ్గుదల వచ్చేసింది. 18 నుంచి ఒకటికి దిగితే వెలుగు దాదాపు అంతా పోతుంది, వేడి మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. ఎందుకంటే ఆ దశలో గదిలోకి వచ్చేది నేరుగా దూరిన ఎండ కాదు, పీల్చిన వేడిలోంచి లోపలికి జారే వాటా. ఇంకా నల్లబరిస్తే అద్దం మరింత పీలుస్తుందే తప్ప ఆ వాటా తగ్గదు.

ఆచరణలో దీని అర్థం సూటిగానే ఉంటుంది. వేడి కోసం 18 శాతం మెట్టు చాలు. పూర్తి నలుపు మెట్టు, సాయంత్రం సూర్యుడు కంప్యూటర్ తెర మీద, కళ్లలో పడేటప్పటి కోసం. గది మొత్తాన్ని ఒక శాతం దగ్గర ఉంచి ట్యూబ్‌లైట్లు వేసుకుంటే, ఏసీలో మిగిల్చిన కరెంటులో కొంత దీపాలకే పోతుంది. ఆ దీపాల వేడిని మళ్లీ ఏసీయే తీయాలి. పొడవైన పలకలను మూడు అడ్డపట్టీలుగా విడదీసి, పై పట్టీని తేటగా ఉంచి మధ్య పట్టీని నల్లబరిచే రకాలు ఈ కారణంగానే వచ్చాయి.

పీడీఎల్‌సీ: తెల్లబడుతుంది, చల్లబరచదు

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ‘స్మార్ట్ గ్లాస్’, ‘స్విచ్ గ్లాస్’ అని అడిగితే ఎక్కువగా చూపించేది పీడీఎల్‌సీ. పాలిమర్ పొరలో సూక్ష్మమైన లిక్విడ్ క్రిస్టల్ బిందువులు చెదిరి ఉంటాయి. కరెంటు లేనప్పుడు అవి అడ్డదిడ్డంగా ఉండి వెలుగును చెదరగొడతాయి, అద్దం పాలలా కనిపిస్తుంది. ఆల్టర్నేటింగ్ కరెంటు ఇస్తే అన్నీ ఒకే వైపు తిరిగి అద్దం తేటపడుతుంది. క్షణంలో మారుతుంది కాబట్టి చూసేవాళ్లకు గొప్పగా ఉంటుంది.

ఆ చెదిరిన వెలుగు ఎటు పోతోందన్నదే ఇక్కడి ప్రశ్న. అధికభాగం ముందుకే, అంటే గదిలోకే పోతుంది. దారి మారింది తప్ప శక్తి ఆగలేదు. అందుకే పీడీఎల్‌సీ తేటగా ఉన్నా, తెల్లగా ఉన్నా ఎస్‌హెచ్‌జీసీలో తేడా స్వల్పం. ఒంటి అద్దంతో చేసినదైతే రెండు స్థితుల్లోనూ 0.6కు అటూ ఇటుగానే ఉంటుంది. పై లెక్కలోని కిటికీకి దీన్ని పెడితే వచ్చే వేడి తేట అద్దం కంటే కొంత తక్కువ, లో-ఈ డీజీయూ కంటే రెట్టింపుకు పైనే.

కరెంటు విషయంలోనూ ఇది ఎలక్ట్రోక్రోమిక్‌కు వ్యతిరేకం. తేటగా ఉన్నంతసేపూ కరెంటు తాగుతూనే ఉంటుంది. కాన్ఫరెన్స్ గది, ఆపరేషన్ థియేటర్ పక్క గోడ, బాత్రూమ్ పార్టిషన్ లాంటి లోపలి చోట్లకు ఇది చక్కని వస్తువు. ఎండ పడే బయటి కిటికీకి అంటించే ఫిల్మ్‌గా వాడితే మాత్రం అతినీలలోహితం వల్ల పొర పసుపెక్కడం, అంచుల్లో తేమ దూరి ఊడిపోవడం సాధారణంగా ఎదురయ్యే సమస్యలు. పైగా లిక్విడ్ క్రిస్టల్‌కు ఒక ఉష్ణోగ్రత హద్దుంది. అది దాటితే స్విచ్‌తో సంబంధం లేకుండా తేటపడుతుంది. పడమటి ఎండలో కాగే అద్దం ఆ హద్దుకు చేరువయ్యే అవకాశం ఉంది.

ఎండకు తనంతట తాను మారే రకాల గురించి కొద్దిమాటలు చాలు. వెనేడియం డయాక్సైడ్ 68 డిగ్రీల దగ్గర లోహస్వభావానికి మారి పరారుణాన్ని అడ్డుకుంటుంది. టంగ్‌స్టన్ కొద్దిగా కలిపితే ఆ హద్దు గది ఉష్ణోగ్రత దాకా దిగుతుంది. వైర్లు, సెన్సర్లు అక్కర్లేవు కాబట్టి ఆకర్షణీయంగానే ఉంటుంది. కానీ దాని గోధుమ పసుపు ఛాయ పోవడం కష్టం, వెలుగును ఎక్కువగా రానిస్తూ వేడిని ఎక్కువగా ఆపడమూ కష్టం. రెండింటిలో ఒకదాన్ని పెంచితే రెండోది తగ్గుతుంది. అందుకే దశాబ్దాల పరిశోధన తర్వాత కూడా ప్రయోగశాలలతో పోలిస్తే భవనాల మీద ఇది కనిపించేది తక్కువ.

‘95 శాతం ఐఆర్ రిజెక్షన్’ అన్న అంకె

సన్ ఫిల్మ్ అమ్మేచోటా, స్మార్ట్ గ్లాస్ అమ్మేచోటా ఒక ప్రదర్శన ఉంటుంది. ఎర్రగా వెలిగే హీట్ ల్యాంప్ ముందు అద్దం పెట్టి, అవతల చెయ్యి పెట్టి చూడమంటారు. వేడి తగలదు. ఇందులో మోసం లేకపోవచ్చు కానీ ఆ దీపం శక్తిలో అత్యధికభాగం పరారుణమే. ఎండలో దాదాపు సగం కనిపించే వెలుగే. దీపం ముందు గొప్పగా పనిచేసిన పొర ఎండ ముందు అంతలో సగమే పనిచేయవచ్చు.

ఐఆర్, అంటే పరారుణం, ఎంత ఆగిందో చెప్పే శాతాన్ని చాలాసార్లు ఒకట్రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర కొలిచి చెబుతారు. యూవీ, అంటే అతినీలలోహితం, 99 శాతం ఆపుతుందన్నది నిజమే అయినా, ఎండవేడిలో యూవీ వాటా 5 శాతం లోపు. కర్టెన్లు వెలిసిపోకుండా కాపాడుతుంది, గదిని చల్లబరచదు. మధ్యలో పీవీబీ అనే మామూలు ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దం కూడా యూవీని దాదాపు అంతే ఆపుతుంది. మొత్తం సూర్యశక్తిలో ఎంత ఆగిందో చెప్పే అంకె టీఎస్ఈఆర్. ఒకటిలోంచి ఎస్‌హెచ్‌జీసీని తీసేస్తే వచ్చేది అదే. ‘ఐఆర్ 95 శాతం’ అని పెద్ద అక్షరాల్లో ఉన్న కాగితం మీదే కింద చిన్న అక్షరాల్లో టీఎస్ఈఆర్ 50 శాతం అని ఉంటే, ఆ సరుకు ఎస్‌హెచ్‌జీసీ 0.50. అది ఎలక్ట్రోక్రోమిక్ తేట స్థితి కంటే ఎక్కువే.

చలిదేశాల లెక్క ఇక్కడికి ఎందుకు సరిపోదు

మిన్నెసోటాలోనో జర్మనీలోనో మారే అద్దానికి రెండు కాలాల్లోనూ పని ఉంటుంది. వేసవిలో ముదిరి ఎండను ఆపుతుంది, శీతకాలంలో తేటపడి ఎండను లోపలికి పిలుస్తుంది, ఆ మేరకు హీటింగ్ ఖర్చు తగ్గుతుంది. ఎస్‌హెచ్‌జీసీ 0.41 అన్నది అక్కడ ఒక లాభం. హైదరాబాద్‌లో డిసెంబరులో కూడా ఆఫీసు గదికి హీటింగ్ అక్కర్లేదు. అందువల్ల ఇక్కడ తేట స్థితి ఇచ్చేది వెలుగు ఒక్కటే. లో-ఈ డీజీయూ స్థిరంగా 0.27 దగ్గరే ఉండి ఆ వెలుగును చాలామేర ఇస్తుంది. మన ఊళ్లలో స్మార్ట్ గాజు లాభాల్లో సగం మొదటే తగ్గిపోవడానికి కారణం ఇదే. విదేశీ భవనాల్లో వచ్చిన ఆదా శాతాలను ఇక్కడి ప్రాజెక్టు నివేదికల్లో యథాతథంగా రాయడం పొరపాటు.

దిక్కు కూడా అంతే ముఖ్యం. దక్షిణపు కిటికీకి మారే అద్దం అవసరం దాదాపు లేదు. మార్చి 21న మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 72 డిగ్రీలకు పైన ఉంటాడు. అయిదడుగుల కిటికీని పూర్తిగా నీడలో ఉంచడానికి రెండడుగుల సజ్జ చాలు. అదే కిటికీ పడమటి గోడకు ఉంటే మే నెలలో సాయంత్రం నాలుగుకు సూర్యుడు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, ఏడడుగుల సజ్జ కావాలి. అయిదు గంటలకు పన్నెండడుగులు దాటాలి. అంత సజ్జ ఎవరూ కట్టలేరు. ఖరీదైన అద్దానికి చోటు ఉంటే గింటే తూర్పు, పడమర గోడల మీదే.

ఉత్తరం గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరాన ఉంటాడు. దక్షిణానికి వెళ్లేకొద్దీ ఆ రోజులు పెరుగుతాయి. కేంద్రప్రభుత్వపు ఇంధన పొదుపు భవన నియమావళి, ఈసీబీసీ 2017, దీన్ని లెక్కలోకి తీసుకుంది. వేడి ప్రాంతాల వాణిజ్య భవనాల్లో ఉత్తరం కాని దిక్కుల అద్దాలకు ఎస్‌హెచ్‌జీసీ 0.27 మించకూడదని, యూ విలువ 3.0 మించకూడదని ఆ 2017 నియమావళి చెప్పింది. ఉత్తరపు అద్దానికి 15 డిగ్రీల అక్షాంశం, ఆపైన ఉన్న ఊళ్లలో 0.50 దాకా సడలింపు ఇచ్చింది. ఆ గీత కింద అక్కడా 0.27నే. అంటే దాని ప్రకారం హైదరాబాద్, విజయవాడ, విశాఖ, కర్నూలుకు సడలింపు వర్తిస్తుంది. తిరుపతి, నెల్లూరు, అనంతపురానికి వర్తించదు. ఒకే రాష్ట్రంలో రెండు ఊళ్లకు ఒకే డ్రాయింగ్ వాడే బిల్డర్లు ఈ గీతను మర్చిపోకూడదు.

మన పెద్దలు వేసవిలో కిటికీ బయట కట్టిన వట్టివేళ్ల తడికలు ఈ భౌతికశాస్త్రాన్నే పాటించాయి. ఎండ అద్దాన్ని తాకకముందే ఆగిపోయింది, తడి తడిక గుండా వచ్చిన గాలి చల్లబడింది. ఇప్పటికీ అద్దం బయట వేసిన వెదురు చిక్, లోపల వేసిన ఖరీదైన కర్టెన్ కంటే వేడిని ఎక్కువగా ఆపుతుంది. కర్టెన్ దగ్గరికి వచ్చేసరికి ఎండ అప్పటికే గదిలో ఉంది.

బిగింపులో పోయే పనితీరు

ల్యాబ్‌లో 0.27 చూపిన అద్దం గోడలో ఆ అంకె ఇవ్వకపోవడానికి మొదటి కారణం తిరగేసి బిగించడం. డీజీయూ ముఖాలను బయటి నుంచి లోపలికి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కిస్తారు. మన వాతావరణంలో సోలార్ కంట్రోల్ పూత రెండో ముఖం మీద ఉండాలి. పలక తిరగబడితే అది మూడో ముఖం అవుతుంది, పూత పీల్చిన వేడి గదివైపు మళ్లుతుంది. తెలుసుకోవడం తేలిక. సాయంత్రం చీకటిపడ్డాక బయట నిలబడి అద్దం ముందు లైటర్ వెలిగిస్తే నాలుగు ప్రతిబింబాలు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని రంగు తేడాగా ఉంటుంది. తమవైపు నుంచి రెండోది తేడాగా ఉంటే బిగింపు సరైనదే. మూడోదైతే పలక తిప్పించాలి.

రెండోది అంచుల పని. వెండి పొరల లో-ఈ పూతను పలక చుట్టూ అంచు మేర గీకేసి, ఆ తర్వాతే స్పేసర్, అంటే రెండద్దాలను ఎడంగా ఉంచే పట్టీ, అంటించాలి. గీకకుండా అంటిస్తే తేమ పూత వెంబడి లోపలికి పాకుతుంది, ఏడాది రెండేళ్లలో అంచుల్లో మచ్చలు కనిపిస్తాయి. స్పేసర్‌లో తేమ పీల్చే గుళికలు, లోపలి వరుసలో బ్యూటైల్ సీలు, బయటి వరుసలో సిలికాన్ లేదా పాలీసల్ఫైడ్ సీలు, ఈ మూడూ నిండుగా ఉండాలి. రెండద్దాల మధ్య మంచు పట్టిందంటే సీల్ పోయినట్టే. దాన్ని తుడిచే మార్గం లేదు, యూనిట్ మార్చాల్సిందే. ఎలక్ట్రోక్రోమిక్‌లో అదే తేమ పొరలను కూడా చెడగొడుతుంది.

మూడోది పగుళ్లు. పీల్చే అద్దం మధ్యలో కాగుతుంది, ఫ్రేమ్ కింద దాగిన అంచు చల్లగా ఉంటుంది. సజ్జ నీడ సగం పలక మీదే పడితే తేడా ఇంకా పెరుగుతుంది. మామూలు అద్దం 40 డిగ్రీల దరిదాపు తేడాకే అంచు నుంచి పగలగలదు. కాబట్టి ఇలాంటి పలకలు వేడిచేసి గట్టిపరిచినవి, అంటే హీట్ స్ట్రెంగ్తెన్డ్ లేదా టఫెన్డ్ అయి ఉండాలి. టఫెన్డ్ అయితే హీట్ సోక్ పరీక్ష (బలహీనమైన పలకలు ముందే పగిలేలా వేడిచేసి చూడడం) కాగితం అడగాలి. లేకుంటే గాజులో చిక్కిన నికెల్ సల్ఫైడ్ రేణువు వల్ల ఏ దెబ్బా తగలకుండానే పలక చిన్న ముక్కలై రాలే ప్రమాదం ఉంది. ఇప్పటికే ఉన్న డీజీయూ లోపలివైపు ముదురు ఫిల్మ్ అంటించడం కూడా ఇదే కారణంగా పగుళ్లకు దారితీస్తుంది.

ఎలక్ట్రోక్రోమిక్‌కు ప్రత్యేకమైన బలహీనత వైరు. ప్రతి పలక నుంచి ఒక సన్నని కేబుల్ ఫ్రేమ్ గుండా కంట్రోలర్ దాకా పోతుంది. ఫ్రేమ్ అడుగున వాననీరు పోయే రంధ్రాలు మూసుకుపోతే నీరు నిలిచి కనెక్టర్ తుప్పు పడుతుంది. పలక పాడైందనుకునే సందర్భాల్లో మొదట చూడాల్సింది ఇదే. టఫెన్డ్ గాజును తర్వాత కోయలేరు కాబట్టి గోడ రంధ్రం కొలతలు ప్లాస్టరింగ్ పూర్తయ్యాకే ఆర్డరుకు ఇవ్వాలి.

ఎక్కడ పెడితే ఫలితం

ఆసుపత్రి వార్డు, విమానాశ్రయపు లాంజ్, పడమటి నది లేదా సముద్రం వైపు తెరిచిన హాలు, పెద్ద కాన్ఫరెన్స్ హాలు, అన్నింటికంటే ముఖ్యంగా పైకప్పు స్కైలైట్. బయట నీడ కట్టలేని చోట, లోపలి బ్లైండ్ వేస్తే కిటికీ ఉద్దేశమే పోయే చోట ఎలక్ట్రోక్రోమిక్ తన ఖరీదుకు న్యాయం చేస్తుంది. వేసవి మధ్యాహ్నం స్కైలైట్ మీద చదరపు మీటరుకు 900 వాట్లకు మించి పడుతుంది, పడమటి గోడ కంటే చాలా ఎక్కువ. ఏసీ సామర్థ్యాన్ని మొదటే తగ్గించి కొనగలిగే కొత్త భవనంలో ఆ ఆదానూ లెక్కలో చూపవచ్చు. ఉన్న ఏసీని అలాగే ఉంచే పాత భవనంలో చూపలేరు.

కొనేటప్పుడు ప్రతి స్థితికీ వెలుగు శాతం, ఎస్‌హెచ్‌జీసీ, యూ విలువ విడివిడిగా కాగితం మీద తీసుకోవాలి. యూ విలువ అద్దం మధ్యభాగానిదా, ఫ్రేమ్‌తో కలిపిన మొత్తం కిటికీదా అని అడగాలి. లోపలి, బయటి లోహాన్ని విడదీసే థర్మల్ బ్రేక్ లేని అల్యూమినియం ఫ్రేమ్ ఆ రెండింటి మధ్య పెద్ద తేడా తెస్తుంది. ఏఎస్‌టీఎం ఈ2141 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం 50,000 సార్లు మార్చి చూసిన పరీక్ష ఫలితం ఉందో లేదో చూడాలి. రోజుకు నాలుగైదు మార్పుల చొప్పున అది ముప్ఫై ఏళ్లకు సమానం. గాజు ముప్ఫై ఏళ్లు నిలిచినా కంట్రోలర్, సాఫ్ట్‌వేర్ అన్నాళ్లు దొరకాలి కదా. అమెరికాలో ఈ రంగంలో ముందువరుసలో ఉన్న వ్యూ సంస్థ 2024 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరింది. కాబట్టి విడిభాగాల హామీ, కంట్రోలర్ చెడితే అద్దం ఏ స్థితిలో ఆగుతుందన్న వివరం ఒప్పందంలో రాయించుకోవాలి.

బిగింపు అయ్యాక పరీక్షకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. మే నెలలో ఎండ సూటిగా పడే సాయంత్రం నాలుగుకు ఏసీతో గదిని 25 డిగ్రీల దగ్గర ఉంచి, చేతి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో అద్దం లోపలి ముఖాన్ని చాలాచోట్ల కొలవాలి. మంచి లో-ఈ డీజీయూ గానీ, నల్లబడిన ఎలక్ట్రోక్రోమిక్ గానీ 32 నుంచి 35 డిగ్రీల మధ్య చూపించాలి. 45 దాటుతుంటే ఎండ బయట ఆగడం లేదు, పీల్చిన వేడి గదివైపే దిగుతోంది. చివరి బిల్లు చెల్లించే ముందు పూత ముఖం, అంచుల సీల్, ఫ్రేమ్ మళ్లీ చూపించమని అడగడానికి ఆ అంకె చాలు.